చల్లని మనుషులే

నిరుడు మాఘమాసంలో ఒక పెళ్ళికి ఖమ్మం వెళ్ళాను. బఫే వరసలో నా వెనక మా బావమరిది నిలబడ్డాడు. ప్లేటులో పులిహోర మీద పనీరు కూర, దాని మీద జిలేబీ వచ్చి పడుతుంటే దేన్ని కాపాడుకోవాలో తెలియక నేను అవస్థ పడుతున్నాను. "బావా, అన్నేండ్లు అక్కడ ఎట్ల ఉన్నవో గని, జర్మనోళ్ళు భలే కోల్డ్ అట గదా! కన్నతల్లినైనా తీస్కపోయి ఆశ్రమంల పడేస్తరట. చెప్పకుండ పోతే సొంత కొడుకైనా తలుపు తియ్యడట" అన్నాడు. ముందున్నాయన కొడుకు మ్యూనిక్‌లో ఉంటాడట. ఆయన వెనక్కి తిరిగి, "మనుషులు కాదండీ, మిషన్లు" అని తీర్పు చెప్పేశాడు. వరసలో నలుగురూ తలలూపారు. నా నోట్లో గారె ఉంది, జవాబు చెప్పలేకపోయాను. ఆ గారె మింగాక రాస్తున్నది ఇది.

ముందు ఆ 'కోల్డ్' సంగతి. మన భాషలో చల్లగా ఉండమని దీవిస్తాం. చల్లని తల్లి అంటాం, చల్లని చూపు అంటాం, మంచి కబురు వింటే కడుపు చల్లబడిందంటాం. ఎండలో పుట్టిన భాష మనది, చల్లదనం మనకు వరం. చలిదేశంలో పుట్టిన ఇంగ్లిషువాడికి వెచ్చదనం వరం, చల్లదనం తిట్టు. వాడి తిట్టును అరువు తెచ్చుకుని ఇంకొకడి మీద విసురుతున్నాం. మా బావమరిదికి ఇంగ్లిషు రాకపోయి ఉంటే "జర్మనోళ్ళు చల్లని మనుషులట" అనేవాడు. ఆ మాటే నిజమయ్యేది.

నా యోగ్యత ఏమిటని అడగవచ్చు. మా నాన్న కొత్తగూడెంలో సింగరేణి కార్మికుడు. నేను గనుల చదువుతో 1976లో రూర్ ప్రాంతానికి వచ్చాను. అది జర్మనీ బొగ్గు పొట్ట. బోహుమ్, ఎస్సెన్, డోర్ట్‌మండ్, గెల్సెన్‌కిర్షెన్ అన్నీ ఒకదానికొకటి అంటుకున్న ఊళ్ళు, ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలవుతుందో బస్సులో కూర్చున్నవాడికి తెలియదు. భూమి కింద గాలి ఎటు పారాలో లెక్కలు కట్టడం నా ఉద్యోగం. రిటైరై పదేళ్ళయింది. నా వయసిప్పుడు డెబ్బై నాలుగు. నేనెవరికీ వకీలును కాను, వాళ్ళ తప్పులు కూడా ఇందులోనే చెబుతాను. అయితే పెళ్ళి వరసలో పడిన తీర్పు మాత్రం తప్పుడు తీర్పు.

ఆశ్రమంతో మొదలుపెడదాం, అందరికీ నోరూరే నేరం అదే కాబట్టి. జర్మనీ గణాంక శాఖ లెక్క ప్రకారం 2023 డిసెంబరు నాటికి ఆ దేశంలో ఒకరి ఆసరా లేనిదే రోజు గడవనివాళ్ళు దాదాపు 57 లక్షల మంది. వాళ్ళలో ఆశ్రమాల్లో ఉన్నది 14 శాతం, అంటే సుమారు 8 లక్షలు. మిగతా 86 శాతం ఉన్నది ఇళ్ళలో. 31 లక్షల మందిని ప్రధానంగా చూసుకుంటున్నది ఇంటివాళ్ళే: పెళ్ళాం, మొగుడు, కూతురు, కొడుకు, కోడలు. "పడేస్తారు" అనే క్రియకు ఈ లెక్కలో చోటెక్కడుంది?

ఇంకో సంగతి. 1995 నుంచి అక్కడ సంరక్షణ బీమా అని ఒకటుంది. జీతం తీసుకునే ప్రతివాడూ ఆరోగ్య బీమాతో పాటు దానికీ కడతాడు. ముసలితనం అనేది వస్తుందని, వచ్చాక ఎవరో ఒకరు స్నానం చేయించాలని, ఆ ఎవరో ఒకరికి కూడా పొట్ట ఉంటుందని ముందే ఒప్పుకున్న చట్టం అది. ఇంట్లో చూసుకునేవాళ్ళుంటే, అవసరం ఎంత ఎక్కువన్నదాన్ని బట్టి నెలకు 347 నుంచి 990 యూరోల దాకా వస్తుంది. ఒక మోస్తరు కంపెనీలో పనిచేసేవాడు తల్లిని చూసుకోవడానికి ఆరు నెలల దాకా ఉద్యోగం పోకుండా సెలవు పెట్టుకోవచ్చు, జీతం మాత్రం ఉండదు. ఆశ్రమం అంటారా, అదేం చౌక కాదు. మొదటి ఏడాది చేతినుంచి కట్టాల్సింది సగటున నెలకు మూడు వేల యూరోలు దాటింది. తల్లిదండ్రులకు అంత తాహతు లేకపోతే, ఏడాదికి లక్ష యూరోలకు పైగా సంపాదించే బిడ్డ దగ్గర సర్కారు వసూలు చేస్తుంది. పడేసి పోవడానికి వీలైన ఏర్పాటు కాదది.

మనకూ చట్టముంది. 2007లో తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం తెచ్చుకున్నాం. కన్నవాళ్ళకు తిండి పెట్టమని బిడ్డల్ని ట్రిబ్యునల్ ముందు నిలబెట్టే చట్టం. మన ఇళ్ళలో ప్రేమ అంతగా పొంగి పొర్లుతుంటే ఆ చట్టం ఎవరికోసం చేశారో మా బావమరిది చెప్పాలి. ఆ పెళ్ళిలోనే తర్వాత తెలిసింది. అతని ఇద్దరు పిల్లలూ డాలస్‌లో. మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండేళ్ళుగా హైదరాబాదు శివార్లలో ఒక 'సీనియర్ లివింగ్' ఫ్లాటులో ఉంటున్నారు. గంట కొడితే టిఫిను, గంట కొడితే భోజనం, పక్కనే నర్సు. శుభ్రంగా ఉందట, నాకు సంతోషమే. దాన్ని మాత్రం ఆశ్రమం అనకూడదట.

నేను దగ్గరగా చూసిన సంగతి ఒకటి చెబుతాను. బోహుమ్‌లో మాకొక చిన్న తోట ఉంది. సొంతం కాదు, సంఘం దగ్గర కౌలు. జర్మనీలో ఇలాంటి తోటలు సుమారు తొమ్మిది లక్షలున్నాయి. ఒక్కోటి నాలుగు వందల చదరపు మీటర్లకు మించకూడదు, గుడిసె ఇరవై నాలుగు చదరపు మీటర్లకు మించకూడదు, మూడో వంతు నేలలో కూరగాయలో పళ్ళో పండించి తీరాలి. ఒట్టి గడ్డి పెంచి కుర్చీ వేసుకుంటే సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. కంచె మొక్కలు పది సెంటీమీటర్లు ఎక్కువ పెరిగాయని నాకూ ఒకసారి వచ్చింది. తిట్టుకున్నాను, కత్తిరించాను.

కంచెకు అవతల ఒక పెద్దావిడ. బడిపంతులమ్మగా రిటైరయింది, గని కార్మికుడి కూతురు. ఆవిడ భర్తకు పక్షవాతం వస్తే ఐదేళ్ళు ఇంట్లోనే చూసుకుంది. పొద్దున్న ఏడున్నరకు నర్సు వచ్చి ఒళ్ళు తుడిచి, మందులిచ్చి, కాగితం మీద సంతకం చేసి వెళ్ళేది. మిగతా ఇరవై మూడు గంటలు ఆవిడే. కొడుకు గురువారాలు సాయంత్రం వచ్చేవాడు. గురువారమే వచ్చేవాడు, ఒక్క గురువారం తప్పేవాడు కాదు. ఆ వేళకు ఆవిడ మా తోటలోకి వచ్చి ఊపిరి పీల్చుకునేది. ఇక్కడే మనవాళ్ళు తప్పటడుగు వేస్తారు. వేళ పెట్టుకుని వచ్చే కొడుకును చూసి 'ప్రేమ లేదు, డ్యూటీ చేస్తున్నాడు' అంటారు. ఏ వేళా లేకుండా, ఎప్పుడొస్తాడో తెలియకుండా, గుమ్మం వైపు చూస్తూ కూర్చోబెట్టే కొడుకుది ప్రేమట. ఐదేళ్ళ గురువారాలు లెక్కేస్తే రెండు వందల అరవై. డాలస్ నుంచి ఎన్ని వీడియో కాల్స్ కలిస్తే ఒక గురువారం అవుతుంది?

ఇక మిషన్లన్న మాట. మిషన్ అయితే వేళకు నడవాలి. 2024లో జర్మన్ రైల్వే దూరప్రయాణపు రైళ్ళలో వేళకు చేరినవి నూటికి అరవై రెండున్నర. అది కూడా ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా, అసలు రద్దయిన రైళ్ళ ఊసెత్తకుండా. ఆలస్యంగా వచ్చే జర్మన్ రైళ్ళను కొన్నిటిని స్విట్జర్లాండువాళ్ళు బాజెల్ దగ్గరే ఆపి, తమ రైళ్ళలోకి ఎక్కించుకుంటున్నారు. బెర్లిన్ కొత్త విమానాశ్రయాన్ని 2012 జూన్ 3న తెరుస్తామన్నారు. అగ్నిప్రమాదం జరిగితే పొగ బయటికి లాగే ఏర్పాటు పనిచేయదని నాలుగు వారాల ముందు తేలింది. తెరిచింది 2020 అక్టోబరు 31న. మన దగ్గర ఫ్లైఓవర్ ఆలస్యమైతే "జర్మనీలో అయితేనా..." అనే పెద్దమనుషులు ఈ తేదీలు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి. పైగా ఆ ఆలస్యాన్ని ప్లాట్‌ఫారం మీద నిలబడి వాళ్ళు తిట్టుకునే తీరు వింటే, సికిందరాబాదు స్టేషన్లో ఉన్నట్టే ఉంటుంది.

చెప్పకుండా పోతే తలుపు తియ్యరన్నదానిలో సగం నిజముంది. తీస్తారు, ముఖం చిట్లిస్తారు. దాని వెనకున్నది మనకు తెలియని మర్యాద కాదు, మనం మరిచిన మర్యాద. జర్మన్ భాషలో మనలాగే మీరు, నువ్వు ఉన్నాయి. మీరును 'జీ' అంటారు, వింటే హిందీవాళ్ళ 'జీ'కి దగ్గరగా ఉంటుంది. నువ్వు అంటే 'డూ'. ఇంగ్లిషుకు ఆ భాగ్యం లేదు. అయితే మనకన్నా వాళ్ళు ఒక అడుగు ముందున్నారు. మీరు నుంచి నువ్వులోకి రావడానికి వాళ్ళకొక తంతు ఉంది. చిన్నవాళ్ళు అడగకూడదు, పెద్దవాళ్ళే ఇవ్వాలి. పంతులమ్మ ఆరేళ్ళు నన్ను మీరన్నది. ఏడో ఏడు వేసవిలో ఒకనాడు చేతులకు మట్టితోనే వచ్చి, చిన్న గ్లాసుల్లో చెర్రీ సారా పోసి, "ఇక నుంచి మనం నువ్వనుకుందామా?" అని అడిగి, తన పేరు చెప్పింది. ఆరేళ్ళుగా తెలిసిన మనిషి కొత్తగా పేరు చెప్పుకోవడం చూస్తే నవ్వొచ్చింది, గొంతులో ఏదో అడ్డం కూడా పడింది. ఆ నువ్వుకున్న బరువు నాకు తెలుసు. మొదటి పూటే ఫోన్లో "బ్రో" అని పిలిచే క్రెడిట్ కార్డు కుర్రాడి వెచ్చదనం నాకు అక్కర్లేదు.

గనిలో సంగతి వేరు. లిఫ్టు వెయ్యి మీటర్లు దిగాక పైనున్న జీలన్నీ పైనే. కింద అందరూ డూ: టర్కీవాడైనా, కొరియావాడైనా, కొత్తగూడెంవాడైనా. పైకప్పు కూలబోతుంటే "అయ్యా, తమరు కాస్త పక్కకు జరుగుతారా" అనే తీరిక ఉండదు కదా.

తిండి తెలియని జాతి అన్నది ఇంకో నేరారోపణ. పొద్దున బ్రెడ్డు, రాత్రి బ్రెడ్డు, ఏం బతుకు అంటారు మనవాళ్ళు. బ్రెడ్డు అనేది మనకు జ్వరం వస్తే తినేది కాబట్టి అలా తోస్తుంది. జర్మన్ రొట్టె పరిశ్రమ నమోదు చేసిన రకాలే మూడు వేలకు పైన. రై పిండిని పులియబెట్టి కాల్చిన నల్లటి రొట్టె ముక్క నోట్లో పెడితే, పులుపు మనకు కొత్తేం కాదని తెలుస్తుంది. అది దోసెపిండికి దూరపు చుట్టం. మధ్యాహ్నం వేడి భోజనం, రాత్రి చల్లని రొట్టె అన్న అలవాటు కూడా గనుల్లో, మిల్లుల్లో షిఫ్టులు చేసిన ఇళ్ళకు అతికినట్టు సరిపోయింది. గనివాళ్ళు తీసుకెళ్ళే తగరపు గిన్నెను 'హెంకెల్‌మన్' అనేవాళ్ళు. మూత, పైన పట్టుకునే పిడి, లోపల ఉడికిన దుంపలు, సూపు. మా నాన్న చేతిలోని టిఫిను క్యారియరును చూసినవాడికి దాన్ని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు.

'కుందేలు రొట్టె' గురించి పంతులమ్మ చెప్పింది. తండ్రి గనిలోకి తీసుకెళ్ళిన రొట్టెలో ఒక ముక్క తినకుండా మిగిల్చి, బొగ్గు మసి అంటిన కాగితంలోనే తిరిగి తెచ్చేవాడట. గేటు దగ్గర కాచుకుని ఉన్న పిల్లకు అది ఇస్తూ, "దారిలో కుందేలు కనపడింది, నీకిమ్మని ఇచ్చింది" అనేవాడట. అంచులు ఎండి వంకర తిరిగిన ముక్క. ఇంట్లో తాజా రొట్టె ఉన్నా ఆ ముక్క కోసం అన్నదమ్ములతో కొట్లాడేదట. ఒక్క ఇంటి కథ కాదిది, జర్మనీలో చాలాచోట్ల ఆ రొట్టెకు అదే పేరు. విన్నప్పుడు నేనేమీ మాట్లాడలేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మా నాన్న క్యారియరు అడుగున ఎప్పుడూ రెండు ముద్దల పెరుగన్నం ఉండేది. గట్టిపడి, పచ్చిమిరపకాయ వాసనతో. ఎందుకు మిగిలేదో నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా తట్టలేదు. కుందేలు అబద్ధం ఒక్కటే తేడా.

రుతువు తెలియని తిండి తిండి కాదని మా అమ్మ అనేది. ఆవిడ జర్మనీ చూసి ఉంటే మెచ్చుకునేది. తెల్ల ఆస్పరాగస్ వసంతంలో వస్తుంది, జూన్ 24తో ఆపేస్తారు. ఆ రోజు తర్వాత కోస్తే మొక్క వచ్చే ఏటికి బలం పుంజుకోదు. దేశమంతా ఆ తేదీకి కట్టుబడుతుంది. రబార్బర్ అనే ఎర్ర కాడలకూ అదే గడువు. వాటితో వాళ్ళు కేకు చేస్తారు, మేం పప్పు చేస్తాం. మామిడికాయ దొరకని ఊళ్ళో పులుపు కోసం అల్లాడిన తెలుగు ఇళ్ళన్నీ ఏదో ఒకనాడు ఆ కాడల దగ్గరికి చేరినవే. ఆకులు మాత్రం విషం, పారేయాలి. కంచె మీదుగా పంతులమ్మ కేకు ముక్క ఇటొస్తుంది, మా ఆవిడ పప్పుగిన్నె అటు వెళుతుంది. పప్పు తిన్న మొదటిసారి ఆవిడ చాలాసేపు ఆలోచించి, "ఇది చారా, కూరా?" అని అడిగింది. మా ఆవిడ "రెండూ కాదు" అంది. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

గోంగూర కథ కూడా అంతే. మొదటి ఏడు ఉత్సాహం ఆగక మే 1న మొక్కలు నేలలో పెట్టాను. పంతులమ్మ చూసి, "సోఫీ వెళ్ళనివ్వండి" అంది. ఎవరీ సోఫీ అనుకున్నాను. మే 11 నుంచి 15 దాకా వాళ్ళ పంచాంగంలో ఐదుగురు 'మంచు పుణ్యాత్ములు' ఉంటారు, చివరిరోజు చలి సోఫీది. ఆవిడ దాటేదాకా లేతమొక్కను బయట పెట్టకూడదు. నేను వినలేదు. ఒక్క రాత్రి మంచుకు మొక్కలన్నీ నల్లబడి వాలిపోయాయి. మృగశిర కార్తె ఏమిటో, రోహిణి కార్తె ఏమిటో తెలిసిన ఇంట్లో పుట్టి, ఇంకొకరి కార్తె మాట వినకపోవడం అహంకారం కాకపోతే ఏమిటి? ఇప్పుడు ఏప్రిల్‌లో పెరుగు డబ్బాల్లో విత్తనాలు వేసి కిటికీ దగ్గర పెడతాను. సోఫీ వెళ్ళాక బయటికి తీస్తాను. ఆగస్టుకు పచ్చడికి సరిపడా ఆకు.

సంస్కృతి మన సొత్తు అని గుండెలు చరుచుకునేవాళ్ళకు పక్కమాటగా ఒక్కటి. తెలుగు అక్షరం మొట్టమొదట అచ్చు పుస్తకంగా వెలువడింది బందరులోనో మద్రాసులోనో కాదు, జర్మనీలోని హాలే ఊళ్ళో, 1746–47లో. మద్రాసులో మత ప్రచారం చేసి తిరిగొచ్చిన బెంజమిన్ షుల్జ్ వేయించాడు. ఆయన ఉద్దేశం మతమే, కాదనను. ఆ చలిలో ఎవడో ఒకడు మన తలకట్టూ, కొమ్మూ పోతపోయించాడన్నది కూడా కాదనలేం.

నవ్వరు, ఏడవరు, రాళ్ళు అంటారు. వాళ్ళను ఫుట్‌బాల్ స్టేడియంలో చూడాలి. 2001 మే 19, శనివారం. గెల్సెన్‌కిర్షెన్‌లో షాల్కే జట్టు సీజను చివరి మ్యాచ్. గనివాళ్ళ జట్టది, 1958 తర్వాత లీగ్ విజేత కాలేదు. నాతో పనిచేసే కార్మికుడొకడు టికెట్ తెచ్చి లాక్కెళ్ళాడు. షాల్కే 5–3తో గెలిచింది. హాంబుర్గ్‌లో ఆడుతున్న బాయర్న్ జట్టు ఓడిపోతేనే కప్పు మనది. అక్కడ 90వ నిమిషంలో హాంబుర్గ్ గోల్ వేసిందని కబురొచ్చింది. నా చుట్టూ అరవై వేల మంది ఒక్క గొంతైపోయారు. జనం మైదానంలోకి దూకారు, గడ్డి పీకి జేబుల్లో పెట్టుకున్నారు. నాలుగున్నర నిమిషాలు షాల్కే జర్మనీ విజేత. ఇంతలో స్టేడియం పెద్ద తెర మీద హాంబుర్గ్ మ్యాచ్ కనపడింది. అది ఇంకా అయిపోలేదు. హాంబుర్గ్ గోలీ, వాడు షాల్కేలో పెరిగిన పిల్లవాడే, తనవాడు వెనక్కి తన్నిన బంతిని చేత్తో పట్టాడు. రిఫరీ గోలు ముందే ఫ్రీకిక్ ఇచ్చాడు. బాయర్న్ ఆటగాడు ఆండెర్సన్ గోల్ కొట్టాడు. బాయర్న్‌కు ఒక్క పాయింటు చాలు, వచ్చేసింది.

ఆ తర్వాత అక్కడ విన్న నిశ్శబ్దాన్ని గని కూలినప్పుడు కూడా నేను వినలేదు. పక్కనున్న నా కార్మికుడు ఆరడుగుల మనిషి, ఇరవై ఏళ్ళు బొగ్గు తవ్వినవాడు. మెట్టు మీద కూలబడి మెడలోని నీలం శాలువాలో ముఖం పెట్టి ఏడ్చాడు. ముక్కు చీదుకుంటూ, ఎక్కిళ్ళతో, మన ఇళ్ళలో పెద్దకర్మ నాడు ఏడ్చినట్టు. మిషన్ అన్న పెద్దమనిషి ఆ రోజు అక్కడ ఉండాల్సింది.

ఏడుపుతో ఆగరు. 2023లో షాల్కే రెండో డివిజన్‌కు పడిపోయాక కూడా ఆదివారం మ్యాచ్‌కు అరవై వేల మంది వెళ్ళారు. ఎందుకంటే జట్టు వాళ్ళది. జర్మన్ లీగ్‌లో ఒకటి రెండు జట్లు తప్ప ప్రతి క్లబ్బులోనూ సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతుల్లో ఉండాలని నియమం. ఎంత కోటీశ్వరుడైనా దాన్ని కొనలేడు. లీగ్ ప్రసార హక్కుల ఆదాయంలో వాటాను బయటి పెట్టుబడిదారుకు అమ్మబోతే, 2023–24 చలికాలమంతా జనం మైదానంలోకి టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు విసిరి మ్యాచ్‌లు ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ తోక ముడిచింది. మన ఐపీఎల్ జట్టు పేరు మారినా, యజమాని మారినా అభిమానిని ఒక్కమాట అడిగినవాడు లేడు. జెండా ఊపమంటే ఊపుతాం. అభిమానం మనకు ఆవేశం, వాళ్ళకు సభ్యత్వ కార్డు. అలాంటి నమోదైన సంఘాలు దేశంలో ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. ఏడుగురుంటే చాలు సంఘం పెట్టుకోవచ్చు: పావురాలకు, పాటలకు, పేకాటకు, తోటలకు. ఒంటరి ముసలాడికి మంగళవారం సాయంత్రం ఏడుగంటలకు ఎక్కడో ఒకచోట కుర్చీ ఉంటుంది. రాకపోతే ఎందుకు రాలేదని ఎవరో ఒకరు ఫోను చేస్తారు. మన రచ్చబండ చెట్టును కొట్టేసింది మనమే.

ఆటల ప్రస్తావన వచ్చింది కాబట్టి, 1936 ఆగస్టు 15న బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని హాకీ ఫైనల్లో 8–1తో ఓడించిన సంగతి ఏటా పంతులమ్మకు గుర్తుచేస్తాను. 1972 మ్యూనిక్‌లో హాకీ బంగారం ఎవరిది, కంచు ఎవరిది అని ఆవిడ అడుగుతుంది. అక్కడితో ఆ సంభాషణ ముగుస్తుంది.

ఇప్పుడు వాళ్ళ తప్పులు. 2000లో ఛాన్సలర్ ష్రోడర్ కంప్యూటర్ నిపుణులకు గ్రీన్‌కార్డు ప్రకటిస్తే, మేముండే జర్మన్ రాష్ట్రంలో ఎన్నికల బరిలో ఉన్న ర్యూట్‌గర్స్ ప్రచారం 'ఇండియన్ల బదులు పిల్లలు' అన్న నినాదంగా దేశమంతా మోగింది. ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు, ఐదేళ్ళకు ముఖ్యమంత్రి అయ్యాడు కూడా. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసదారులంటే గిట్టని ఏఎఫ్‌డీ పార్టీకి దేశంలో 20.8 శాతం ఓట్లు వచ్చాయి. ఏ స్టేడియంలో నా పక్కన కూర్చుని మనుషులు ఏడ్చారో ఆ గెల్సెన్‌కిర్షెన్‌లోనే పార్టీ ఓట్లలో అది మొదటి స్థానంలో నిలిచింది. గనులు మూతపడ్డాయి, ఇళ్ళు ఖాళీ అయ్యాయి, కోపం మిగిలింది. 1993 మే 29న మా దగ్గరి జోలింగెన్‌లో నలుగురు కుర్రాళ్ళు ఒక టర్కీ కుటుంబం ఇంటికి నిప్పుపెట్టారు. మెవ్లూదె గెంచ్ అనే తల్లికి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు మనవరాళ్ళు, ఒక మేనకోడలు ఆ మంటల్లో పోయారు. ఆ రాత్రి తర్వాత చాలా కాలం నేను కూడా పడుకునేముందు కింది తలుపు గడియ రెండుసార్లు చూసుకునేవాణ్ణి. ఆ తల్లి మాత్రం పగ వద్దంది. 2022లో పోయేదాకా అదే చెప్పింది.

ఇది చెప్పి నా వాదనను నేనే కూలగొట్టుకుంటున్నానని మా బావమరిది సంబరపడవచ్చు. కాస్త ఆగమనండి. ఆ కుర్రాళ్ళది చల్లదనమా? వేడి. మా జాతి, మా నేల, మా రక్తం అని ఒళ్ళు మరిగిన వేడి. ఇన్నేళ్ళలో ఆ దేశంలో నన్ను భయపెట్టింది పలకరించకుండా పోయిన చల్లని మనిషి కాదు, ప్రేమతో ఊగిపోతున్నవాడే. మన దగ్గర కులసభల్లో, హీరోల ఫ్లెక్సీల కింద, వాట్సాప్ గ్రూపుల్లో అదే వేడి పెరుగుతున్నది. దాన్ని ఆత్మీయత అని పిలుచుకుంటున్నాం.

రూర్‌లో చివరి బొగ్గుగని ప్రోస్పర్–హానియెల్ 2018 డిసెంబరు 21న మూతపడింది. చివరి బొగ్గు పెళ్ళను దేశాధ్యక్షుడి చేతిలో పెట్టారు. కథ అక్కడితో అయిపోలేదు. నూట యాభై ఏళ్ళు తవ్వితే ఎస్సెన్ చుట్టుపక్కల నేల కొన్నిచోట్ల ఇరవై మీటర్లకు పైగా కుంగింది. పంపులు ఆపేస్తే నీళ్ళు నిలిచి ఊళ్ళకు ఊళ్ళు చెరువులవుతాయి. అందుకని ఆ నీళ్ళను తోడుతూనే ఉండాలి: ఈ ఏడూ, వచ్చే ఏడూ, మనుషులున్నంతకాలం. ఆ ఖర్చుకు 'శాశ్వత ఖర్చు' అని పేరుపెట్టి, 2007లోనే ఒక ట్రస్టు ఏర్పాటు చేసి, డబ్బు విడిగా పక్కన పెట్టారు. చేసిన పనికి కాలం తీరాక కూడా బాకీ ఉంటుందని పద్దు పుస్తకంలో రాసుకున్న జాతి అది. వాళ్ళ ఆపేక్ష ఉండేది అక్కడే, పద్దులో. మాటల్లో వెతికినవాడికి దొరకదు.

పంతులమ్మకు ఇప్పుడు ఎనభై ఆరు. మోకాళ్ళు సహకరించడం లేదు, తోట ఇంకో రెండేళ్ళు చేస్తానంటున్నది. కొడుకు ఇప్పటికీ గురువారాలే వస్తాడు. గోంగూర విత్తనాలు పెరుగు డబ్బాల్లో పడ్డాయి. ఏమయ్యా బావమరిదీ, వీసా తొంభై రోజులకే ఇస్తారు, టికెట్ మే 15 దాటాక తీసుకో. పెద్దావిడ దగ్గరికి నిన్నూ, చెల్లెమ్మనూ తీసుకెళ్తాను. కేకు చేసి పెడుతుంది. ముందురోజు మాత్రం ఫోను చేసి చెప్పాలి.